ఆచార్య శియాళి రామామృత రంగనాథన్ గారు

ఈ వార్షిక సంచికయందు మహాపురుషుల జీవితములు ప్రకటించుట మన పాఠశాలకు వాడుక. మిషనరీలను గూర్చియు, దేశభక్తులను గూర్చియు, కవులను శాస్త్రజ్ఞులను గూర్చియు మన విద్యార్థులు చదివియే యున్నారు. ఈ సంవత్సరము మేమొక గ్రంథపాలకుని జీవితమును వ్రాయ నుద్దేశించితిమి. ఈ మాట వినగానే కొందరు బాలురు నవ్వవచ్చును. తాళపుచెవుల గుత్తి చేతబట్టుకొని, బీరువాల నడుమ కూర్చుండి, పుస్తకము మరల తేనివారికి జుల్మానా వేయు మనుష్యుని జీవితములో వ్రాయదగిన దేమున్నదని వారికి తోచవచ్చును. మేము చదువుకొన్న దినములలో మాకును అట్లే తోచెడిది. మా చిన్ననాటి పాఠశాలలో అద్దాల బీరువాలు మూడుండెడివి. అందలి పుస్తకముల పేర్లను అద్దముల గుండ చదివి కంఠస్థము చేసితిమే కాని, లోపలి పుట నొక్కదానినైన చూచిన జ్ఞాపకము లేదు. తలాంతును భూమిలో దాచిపెట్టిన దాసుని ఉపమానమును ఆదివారపు బడిలో వినునపుడెల్ల మాకు ఆ బీరువాలే కనుల యెదుట నిలుచుచుండెడివి.

మన దేశములో అట్టి బీరువాల తాళములు తీయించిన వారిలో అగ్రగణ్యులు రంగనాథన్ గారు. వారంతటితో తృప్తి చెందలేదు. ఒక గ్రంథాలయములోని పుస్తకము వేరొక యూరిలోని చదువరికి సైతము అందవలెననియు, విశ్వవిద్యాలయముల గ్రంథాలయములు ఒకదానితో నొకటి చేయి కలిపి పనిచేయవలెననియు వారు దశాబ్దములతరబడి పాటుపడిరి. నేడు మన కళాశాలల గ్రంథాలయములు కూటములుగా నేర్పడి, పత్రికలను గ్రంథములను ఉమ్మడిగా సంపాదించి పంచుకొనుచున్న వనిన, ఆ పనికి ఈ దేశమున తొలి దారి వేసినవారిలో వారొకరు.

వారు 1892 సంవత్సరము ఆగస్టు నెలలో, నాటి తంజావూరు జిల్లాలోని శియాళియందు జన్మించిరి. తండ్రి రామామృతయ్యరు గారు కొలదిపాటి భూవసతి గలవారు. గ్రామస్థులకు రామాయణము చదివి అర్థము చెప్పుచుండెడివారు. కుమారునికి ఆరేండ్ల ప్రాయముననే ఆయన గతించిరి. బాలునికి మాటలో నత్తి యుండెను. దేహారోగ్యమును అంత గట్టిది కాదు. స్వగ్రామమున పాఠశాల చదువు ముగించి, 1909లో చెన్నపట్టణమునకు పోయి మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచ్చట 1913లో బి.ఏ. పరీక్షయందును, 1916లో గణితశాస్త్రమున ఎం.ఏ. పరీక్షయందును కృతార్థులైరి.

ఆ కళాశాలలో గణితశాస్త్రము బోధించుచుండిన ఎడ్వర్డ్ రాస్ దొరగారిని ఇచ్చట స్మరింపక పోరాదు. మిషను కళాశాలలలో బోధింప సముద్రములు దాటి వచ్చిన ఆచార్యులు పలువురు కలరు. వారి పేర్లు ఫలకములమీద చెక్కబడియున్నను చదువువారు తక్కువ. రాస్ గారి కీర్తి ఫలకమున గాక శిష్యునియందు నిలిచినది. తరగతిగదిలో మొదలైన ఆ గురుశిష్యుల స్నేహము కళాశాల గడప దాటిన పిమ్మటను తరుగలేదు. అది తరువాత నెట్లు ఫలించెనో ముందు చెప్పెదము.

ఎం.ఏ. ముగిసినంతట రంగనాథన్ గారు సైదాపేట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరి ఎల్.టి. పట్టమును పొందిరి. శిక్షణ కళాశాలలో చదివి వచ్చిన మావంటి ఉపాధ్యాయులకు ఈ సంగతి కొంత గర్వకారణమని ఒప్పుకొనుచున్నాము. 1917 మొదలు మంగుళూరులోను, కోయంబత్తూరులోను, పిమ్మట చెన్నపట్టణము ప్రెసిడెన్సీ కళాశాలలోను వారు గణితము బోధించిరి. బోధనయన్న వారికి ప్రాణము. అందుచేతనే తరువాత జరిగిన కథ వింతగా నుండును.

మదరాసు విశ్వవిద్యాలయమువారు తమ గ్రంథాలయమునకు ప్రథమ గ్రంథపాలకునిగా నొకరిని నియమింప దలచి ప్రకటన చేసిరి. జీతము ఉపాధ్యాయుని జీతముకంటె చాల మిన్న. స్నేహితులు బలవంతము చేయగా రంగనాథన్ గారు దరఖాస్తు పెట్టిరి. గ్రంథాలయ విషయమున వారికి గల జ్ఞానమంతయు, పరీక్షాసంఘము ఎదుటికి పోవుటకు ముందు బ్రిటానికా విజ్ఞానసర్వస్వములో చదివిన ఒక్క వ్యాసమే. ఐనను ఆ పదవి వారికే లభించెను. 1924 జనవరిలో వారు పదవిని స్వీకరించిరి. వారము తిరుగకముందే ఆ నిశ్శబ్దము, ఆ ఒంటరితనము వారికి దుర్భరమయ్యెను. తరగతిలో శిష్యుల కన్నులలో వెలుగు చూచి యానందించిన మనుష్యుడు దుమ్ముపట్టిన అరల నడుమ ఎట్లు కూర్చుండగలడు? తిన్నగా కళాశాలకు పోయి, తమ పూర్వోద్యోగము తమకు తిరిగి యిమ్మని ప్రాధేయపడిరి. పెద్దలు ఒక ఒడంబడిక చేసిరి. ఎటులను విద్యాభ్యాసమునకై ఇంగ్లండు పోవలసియున్నది గనుక పోయి రమ్మనియు, వచ్చిన పిదపను మనసు మారనియెడల కళాశాలలో స్థానము ఇచ్చెదమనియు చెప్పిరి.

లండను యూనివర్సిటీ కళాశాలలో వారికి గ్రంథాలయశాస్త్రము బోధించినవారు బెర్విక్ సేయర్సు గారు. ఆయన క్రాయిడన్ పట్టణపు గ్రంథాలయాధికారియు నైయుండెను. పుస్తకములను అరలలో అమర్చుటయు, చదువరికి చూపుటయు గొప్ప సమస్యలనియు, అందు గణితమునకు తీసిపోని తర్కము కలదనియు రంగనాథన్ గారికి అచ్చట బోధపడెను. వారు ఇంగ్లండులోని నూరింటికి మించిన గ్రంథాలయములను స్వయముగా తిరిగి చూచిరి. చీటీలు వ్రాయించు గుమాస్తా గదులు మొదలు పిల్లల చదువుగదులవరకు ఏదియు విడువలేదు. సెల్‌ఫ్రిడ్జ్ అంగడిలో ఒకనాడు మెకానో అను ఆటసామగ్రిని చూచిరి. అవే ఇనుప పట్టీలు, అవే మరలు. కూర్పు మార్చినంతనే ఒకసారి బండి, ఒకసారి వంతెన యగుచుండెను. పుస్తకముల విషయములనుగూడ ఇట్లే చిన్న భాగములుగా విడదీసి, వలసినట్లు కూర్చి, గుర్తులు వేయరాదా అను తలంపు వారికి మెరసెను. తిరుగు ప్రయాణమున ఓడలోని పుస్తకములమీదనే ఆ పద్ధతిని పరీక్షించిరి. అదియే 1933లో ప్రకటితమైన కోలన్ వర్గీకరణము. ఇది సులభమైన పద్ధతి యని మేము చెప్పజాలము. దీనిని అవలంబించిన గ్రంథాలయములు కొన్నియే. కాని పుస్తకవర్గీకరణమును గూర్చి ఆలోచించు ప్రపంచమంతయు దానివలన నేర్చుకొన్నది.

1925లో తిరిగివచ్చిన రంగనాథన్ గారు కళాశాలకు పోవుదునన్న మాట మరల ఎత్తలేదు. అప్పటికి విశ్వవిద్యాలయ గ్రంథాలయము కన్నెమరా గ్రంథాలయ భవనములోనే యుండెను. సముద్రతీరమున సొంత భవనము 1936లో ఏర్పడినది. వారు బీరువాల తలుపులు తీసి, చదువరులు స్వయముగా అరలవద్దకు వెళ్లి పుస్తకము నేరుకొను నేర్పాటు చేసిరి. పుస్తకములు దొంగిలింపబడునని భయపడినవారు లేకపోలేదు. పోయిన పుస్తకముకంటె ఎవరును చదువని పుస్తకమే గొప్ప నష్టమని వారి నమ్మకము. సెలవు తీసికొనుట వారి స్వభావములో లేదు. ఇతరులును అట్లే యుండవలెనని కోరుటచే వారివద్ద పనిచేసినవారికి కొంత కష్టముగనే యుండెనని తోచుచున్నది.

1928వ సంవత్సరము వారి జీవితమున వెలుగును చీకటియు కలిసి వచ్చిన సంవత్సరము. ఆ యేడే మదరాసు గ్రంథాలయ సంఘము స్థాపింపబడెను. ఆ యేడే వారి సహధర్మచారిణి రుక్మిణమ్మ గారు ప్రమాదవశమున మరణించిరి. గ్రంథాలయములో జరుగు నానావిధములగు పనులన్నిటికి మూలమైన సూత్రములు కొన్ని యుండవలెనని వారు తర్కించుకొనుచు, తేల్చుకొనలేక బాధపడుచుండిరి. ఒక సాయంకాలము రాస్ గారు వారిని చూడవచ్చి, సంగతి విని, పుస్తకములున్నది వాడుకొరకే అన్నదే నీ మొదటి సూత్రము కదా యను నర్థము వచ్చునట్లు ఒక్క మాట చెప్పి వెడలిపోయిరి. ఆ మాటతో ముడి విడెను. చదువరి కెల్లరికి తగిన పుస్తకము దొరకవలెను; పుస్తకమున కెల్ల తగిన చదువరి దొరకవలెను; చదువరి కాలము వృథా కారాదు; గ్రంథాలయము జీవమున్న దానివలె పెరుగుచునే యుండును అను తక్కిన నాలుగును వెంటవెంట వచ్చినవి. 1931లో గ్రంథరూపము దాల్చిన ఈ పంచసూత్రములు నేటికిని దేశదేశముల గ్రంథాలయ విద్యార్థులు మొదట నేర్చు పాఠము. క్రైస్తవ కళాశాల గురువు ఒకరు మాటసాయము చేసిన శాస్త్రమిది యని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురు గాక.

అయితే ఆ కడపటి సూత్రములోనే ఒక చిక్కు దాగియున్నది. గ్రంథాలయము పెరుగును, సరియే. దానికిచ్చు సొమ్ము పెరుగునా? విజ్ఞానశాస్త్ర పత్రికలు ఏటేట అధికమగుచుండెను. వాని వెలలును అట్లే. ఒక విశ్వవిద్యాలయము అన్నిటిని తెప్పించుట కల్ల. ఇంతలో ప్రక్కప్రక్క నున్న రెండు సంస్థలు ఒకే పత్రికను ఎరుగక చెరియొకటి తెప్పించుటయు, అత్యవసరమైన మూడవ పత్రిక రెండింటను లేకపోవుటయు జరుగుచుండెను. పల్లెలో ఒంటెద్దు రైతు లిద్దరు జోడుకట్టి ఇరువురి పొలములు దున్నుకొనుట మనమెరిగినదే. కాని పొరుగువాని కొష్టములో ఎద్దు కలదని తెలియనిదే జోడు కట్టుట యెట్లు? గ్రంథాలయముల విషయమున ఆ తెలివిడి కలిగించునది ఉమ్మడి గ్రంథసూచి. ఏ పుస్తకము, ఏ పత్రిక, ఏ సంవత్సరము మొదలు ఏ సంవత్సరమువరకు, ఏ యూరి ఏ గ్రంథాలయమున నున్నదో ఒక్కచోట చూపు పట్టిక యిది. ఇది చేతనున్నచో విశాఖపట్టణమున పరిశోధన చేయు విద్యార్థి కోరిన పత్రిక బెంగుళూరులో నున్నదని తెలిసికొనవచ్చును. అతని గ్రంథపాలకుడు ఆ గ్రంథాలయమునకు జాబు వ్రాసి ఎరువు తెప్పింపవచ్చును. ఎరువు చదువరికి గాక గ్రంథాలయమునకే ఇత్తురు గనుక, పుస్తకము పోయినచో బాధ్యత ఎవరిదో స్పష్టము. పని యింతే, కాని దీనికి వలసినది కాగితము సిరాలకంటె పరస్పర విశ్వాసము.

ఇరువది యేండ్ల సేవ పిమ్మట రంగనాథన్ గారు మదరాసు విశ్వవిద్యాలయమును విడిచిరి. అధికారులతో అభిప్రాయభేదములు అందుకు కారణము. 1945లో, అప్పటి ఉపాధ్యక్షులగు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఆహ్వానముపై కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు పోయి, అచ్చటి లక్ష గ్రంథములను కొత్తగా వర్గీకరించు భారమును ఇంచుమించుగ ఒంటిచేత వహించిరి. ఏబదియేండ్లు దాటిన మనుష్యుడు దినదినము పుస్తకముల గుట్టల యెదుట కూర్చుండి చేసిన ఈ పనిని మేము వారి గ్రంథరచనకంటె తక్కువగా నెంచము. బహుశః అచ్చటనే వారికి ఈ మాట గట్టిగా తట్టియుండును: ఒకే పుస్తకమునకు దేశములోని ప్రతి గ్రంథపాలకుడును వేరువేరుగ కూర్చుండి గుర్తులు వేసి చీటీలు వ్రాయుట ఎంతటి శ్రమ, ఎంతటి వ్యర్థము! పుస్తకము అచ్చాఫీసులో నుండగనే ఒక ప్రధాన గ్రంథాలయము దానిని చూచి, వర్గసంఖ్యను నిర్ణయించి, ఆ సంఖ్యను పుస్తకములోనే అచ్చువేయించినయెడల ఎల్లరి శ్రమయు తప్పునని వారు వాదించిరి. శిశువు పుట్టకముందే చేయు సంస్కారమువంటిదని ఆ పద్ధతికి జననపూర్వ వర్గీకరణమను నర్థము వచ్చు పేరును పెట్టిరి. పని ఒకచోట, ఫలము అన్నిచోట్ల.

1947లో సర్ మారిస్ గ్వయ్యరు గారు వారిని ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు పిలిచిరి. అచ్చట నున్న యేడేండ్లును సహకారమను భావమునకు రూపు కట్టిన కాలము. 1948లో మదరాసు రాష్ట్రమున గ్రంథాలయముల చట్టము వెలువడినది. వారు చిరకాలముగా చిత్తులు వ్రాసి తిరిగిన ప్రయత్నము దాని వెనుక నున్నది. నాటికి మదరాసు రాష్ట్రములోనిదగు మన ఆంధ్రప్రాంతమునకును ఆ చట్టమే వర్తించి, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చువరకు నిలిచెను. 1914లోనే బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారి దేశమునకు ఇది తగిన కానుకయే యనవలెను.

1952లో యునెస్కో సహాయముతో ఢిల్లీలో జాతీయ విజ్ఞానపత్ర కేంద్రము, అనగా ఇన్స్‌డాక్, ఏర్పడెను. అట్టిది కావలెనని చాటినవారిలో రంగనాథన్ గారు ముఖ్యులు. ఇచ్చట లేని వ్యాసమును ఎచ్చట నున్నను వెదకి ప్రతి తీయించి పంపుట దాని పని. మరుసటి సంవత్సరము, 1953లో, దక్షిణాసియా గ్రంథాలయములలోని విద్వత్పత్రికల ఉమ్మడి సూచి మొదటి సంపుటము భౌతిక జీవశాస్త్ర విషయమున వెలువడెను. అందు వారి హస్తమే ప్రధానము. ఇట్టి సూచి తయారుచేయుటలోని విసుగును మా పాఠశాల గ్రంథముల పట్టిక నొక్కటి తిరుగ వ్రాయించిన అనుభవముచే కొంత ఊహింపగలము. ఒక గ్రంథాలయము పత్రిక పేరును ఒక రీతిగ వ్రాయును. మరియొకటి సంఘము పేరు క్రింద వ్రాయును. మూడవది జాబునకే బదులీయదు. అన్నిటిని సరిచూచి అచ్చొత్తునప్పటికి కొన్ని పత్రికలు ఆగిపోయియుండును, కొన్ని పేరు మార్చుకొనియుండును. పారు కాలువకు తీసిన ఛాయాపటము వంటిది అచ్చు సూచి.

1957లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు గ్రంథాలయముల స్థితిని విచారించుటకు ఒక ఉపసంఘము నేర్పరచి రంగనాథన్ గారిని అధ్యక్షులుగా నియమించిరి. విద్యార్థి కొక్కనికి 15 రూపాయల చొప్పునను, ఉపాధ్యాయునికి గాని పరిశోధకునికి గాని 200 రూపాయల చొప్పునను గ్రంథములకై సొమ్ము కేటాయింపవలెనని ఆ సంఘము సూచించెను. గ్రంథపాలకుని గౌరవవేతనములు ఉపాధ్యాయునితో సమానముగ నుండవలెనని కోరెను. ఈ రెండవ సూచనలో, వారము దినములకే పారిపోజూచిన ఆ యువకుని జ్ఞాపకము ఉన్నదేమో యని మాకు అనుమానము.

ధనము విషయమున వారు ఇచ్చుటనే యెరుగుదురు. తాము కూడబెట్టినదానినుండి లక్ష రూపాయలను మదరాసు విశ్వవిద్యాలయమునకు ఇచ్చి, రెండవ భార్యయగు శారదమ్మ గారి పేరు కలియునట్లు గ్రంథాలయశాస్త్రమున ఒక ఆచార్యపీఠమును నెలకొల్పిరి. 1957లో పద్మశ్రీ బిరుదమును, 1965లో జాతీయ పరిశోధనాచార్య పదవియు వారిని వరించెను. 1962లో బెంగుళూరున విజ్ఞానపత్రముల పరిశోధన శిక్షణాలయమును స్థాపించి కడవరకు అచ్చటనే శిష్యులకు బోధించిరి. 1972 సెప్టెంబరు 27వ తేదిన పరమపదించిరి. వారి జయంతియని ఆగస్టు 12వ తేదిని మన దేశమున గ్రంథపాలకుల దినముగ జరుపుచున్నారు.

వారు జీవించియుండగనే, 1967లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున 54 కళాశాలలు కలిసి ఒక కేంద్రమును స్థాపించుకొనినవి. ఒక గ్రంథాలయము ఒక పుస్తకమునకు సూచిక వ్రాసి గణనయంత్రమున చేర్చినచో తక్కినవన్నియు దానినే వాడుకొనుట అందలి కిటుకు. 1971 ఆగస్టు 26న అది తంతిమార్గమున పనిచేయ నారంభించెను. పారు కాలువను పారుచుండగనే చూపు సాధనము దొరకినది. మన దేశమున 1988లో ఢిల్లీ గ్రంథాలయములు కొన్ని కలిసి డెల్‌నెట్ అను కూటమిగ నేర్పడినవి. 1991లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు ఇన్‌ఫ్లిబ్‌నెట్ను ప్రారంభించిరి. దాని కార్యస్థానము నేడు గాంధీనగరము. అది అన్ని విశ్వవిద్యాలయముల ఉమ్మడి సూచిని యంత్రములోనికి ఎక్కించెను. 2004 నుండి విశ్వవిద్యాలయములు కన్సార్షియముగా, అనగా కూటమిగ, చేరి ప్రకటనకర్తలతో ఒక్క నోటితో బేరమాడి పత్రికలను తెప్పించుకొనసాగెను. విడివిడిగ నడిగిన పదిమందికంటె కలిసి అడిగిన నూరుమందికి వెల తగ్గునని సంతకు పోయిన గృహిణి కెల్ల తెలియును. విశ్వవిద్యాలయములకు తెలియుటకు కొంత కాలము పట్టినది. అట్టి మూడు కూటములు 2015లో ఈ-శోధ్‌సింధువను పేర ఒక్కటైనవి.

2024 నవంబరులో కేంద్రప్రభుత్వము ఇంకను పెద్ద అడుగు వేసెను. ఒకే దేశము ఒకే చందా యను నీ పథకమునకు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరైనవి. 30 ప్రకటనసంస్థల దాదాపు 13,000 పత్రికలు 6,300 సంస్థలలోని విద్యార్థులకు 2025 జనవరినుండి చదువ వీలైనది. కాని పథకపు మొదటి దశలో చేర్చినది ప్రభుత్వ నిర్వహణలోని సంస్థలనే. మిషను కళాశాలలవంటివి, అనగా రంగనాథన్ గారిని, రాస్ గారిని ఒకచోట చేర్చిన కళాశాలవంటివి, ఆ గణనలోనికి రాలేదు. వానికి 2010 మొదలు కళాశాలలకై ఏర్పడిన ఎన్-లిస్టు అను వేరొక యేర్పాటు కొంత ఆధారము. స్వల్ప చందాతో కొన్నివేల పత్రికలు, లక్షల కొలది గ్రంథములు దానిమూలమున లభించును.

మా పూర్వవిద్యార్థిని యొకతె అట్టి కళాశాలలో చదువుచు, గడచిన వేసవిని మమ్ము చూడవచ్చి, తన గది యందే కూర్చుండి చదివిన వ్యాసముల పట్టికను చూపెను. పట్టికలో తొమ్మిది వ్యాసములుండగా, రెంటికి ఎదురుగ ఎరుపు సిరాతో చుక్కలు పెట్టబడియున్నవి. అవి యేమని యడుగగా, ఆ రెండు పత్రికలు తమ కళాశాలకు రావనియు, గ్రంథపాలకులు విశ్వవిద్యాలయమునకు వ్రాసియున్నారనియు, బదులుకై వేచియున్నామనియు చెప్పెను.